పొగమంచులో నాలుగు గొట్టాలు

జనవరి రెండో శుక్రవారం పొద్దున ఐదుంబావుకి, కువైట్ దక్షిణాన వఫ్రా పొలంలో గ్రీన్‌హౌస్ తలుపుకు వేలాడే థర్మామీటరు మూడు డిగ్రీలు చూపింది. గంగులయ్య దాన్ని టార్చి వెలుగులో చూసి పంపు షెడ్డు వైపు తిరిగాడు. షెడ్డు అక్కడికి నలభై అడుగుల దూరం. కనిపించలేదు. పొగమంచు తలుపు దాకా వచ్చి ఉంది.

ఆ పూట వేట ఉంది.

పొలం అబూ నాసర్‌ది. ఆయనకు అరవై నాలుగేళ్లు, కాపురం సిటీ వైపు, సాల్మియాలో. చలికాలంలో శుక్రవారాలు పొలానికి వచ్చి, పంట మీద వాలే గువ్వలను కాల్చడం ఆయన అలవాటు. లైసెన్సు ఉన్న తుపాకులు రెండు ఉన్నాయి. రెండూ మధ్యకు మడిచి వెనక నుంచి తూటా పెట్టే రకం. ఒక్కోదానికి రెండు గొట్టాలు. అరబ్బులు వాటిని షోజన్ అంటారు.

గంగులయ్యది అన్నమయ్య జిల్లాలో వీరబల్లి పక్క ఊరు. వయసు యాభై ఒకటి. పధ్నాలుగేళ్లుగా ఇదే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర ఉన్నాడు. టమాటా, కీర, పంపులు అతని పని. తుపాకులు తుడవడం తర్వాత వచ్చి చేరింది. మొదటి ఏడాది అబూ నాసర్ పట్టుకోమని తుపాకీ చేతికిస్తే, గంగులయ్య దాన్ని మడిచి, లోపల తూటా లేదని చూసి, అప్పుడు భుజాన వేసుకున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అబూ నాసర్ అడిగాడు.

"మా అన్న చెయ్యి పోయింది బాబా. అక్కడ నేర్చుకున్నా" అన్నాడు గంగులయ్య, తనకు వచ్చిన అరబీలో.

అది నాటు తుపాకీ. అన్న పందుల వేటకు పోయిన రోజు గొట్టం పగిలింది. గంగులయ్యకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. కంపల్లో వెతికి అన్న వేళ్లు తువ్వాల్లో మూటగట్టి తెచ్చినవాడు అతనే. నాలుగు పోతే మూడు దొరికాయి.

ఈ చలికాలం మొదట్లో గంగులయ్య కఫీల్‌ను ఒక మాట అడిగాడు. తూటా పెట్టే ముందు ప్రతి తుపాకీ తనకు చూపించాలి. పొగమంచు ఉన్న రోజు తను చెప్పేదాకా ఎవరూ కాల్చకూడదు. అబూ నాసర్ సరేనన్నాడు. ఆయన బావమరిది మిషారీ సరేననలేదు. మిషారీకి నలభై రెండేళ్లు, మిర్కాబ్‌లో ఆఫీసు ఉంది. వేటకు బావతో పాటు వస్తాడు.

"తుపాకీ మనది, తూటా మనది. తుడిచేవాడు చెబితే కాల్చాలా?" అన్నాడు మిషారీ, గంగులయ్య ఎదురుగానే.

అబూ నాసర్ నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట అటూ ఇటూ తేలకుండా ఉండిపోయింది. మిషారీ రాని వారాల్లో తుపాకులు గంగులయ్య చేతికి వచ్చేవి. మిషారీ వచ్చిన వారాల్లో రాలేదు. తన మాట చెల్లే రోజు ముందు వస్తుందా, తుపాకీ ఎవరి మీదన్నా పేలే రోజు ముందు వస్తుందా అన్నదే గంగులయ్యకు తేలనిది.

ఆ శుక్రవారం మిషారీ వచ్చాడు.

ఇద్దరూ ఐదున్నరకు గుడారం దగ్గర కారు దిగారు. తుపాకులను గుడారం బయట ఉన్న కర్ర చట్రానికి ఆనించి నిలబెట్టి నమాజుకు లోపలికి వెళ్లారు. గంగులయ్య అటు నడిచేలోగా పంపు శబ్దం మారింది. చలికి పైపు కీలు విడిపోయి నీళ్లు కీర మడి మీదుగా గొర్రెల దొడ్డి వైపు పోతున్నాయి. అతను చట్రం వైపు ఒకసారి చూసి, నిప్పు దగ్గర కూర్చున్న చిన్నపుల్లయ్యకు చెప్పాడు.

"ఇప్పుడే వస్తా. ఎవురన్నా తుపాకీ తియ్యబోతే నన్ను పిలువు."

"పిలుస్తాలే. ఈ చలికి నా గొంతు పెగిలితే."

"స్వెట్టరు తెచ్చుకోమని చెప్తి కదరా."

"కువైట్ అంటే నిప్పుల కొలిమి అని చెప్పినోడివీ నువ్వే అన్నా."

చిన్నపుల్లయ్యది గాలివీడు. ముప్పై ఎనిమిదేళ్లు. కువైట్ వచ్చి నాలుగు నెలలు. ఇది అతనికి ఇక్కడ మొదటి చలికాలం.

పైపు కీలు బిగించడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. గంగులయ్య తిరిగి వచ్చేసరికి ఆరూ పది. చట్రం ఖాళీగా ఉంది.

"యాడికి పోయినారు?"

"తూర్పు మడి కాడికి. ఇప్పుడే. పెద్దాయన నిన్ను అడిగినాడు. ఆ రెండో ఆయన యల్లా యల్లా అని లాక్కపాయ. పిలుద్దామంటే నేను పాలు కాస్తాంటి."

"తూటాలు పెట్టినారా?"

"జేబుల్లో ఏసుకున్నారు. ఆడికి పోయి పెడతారేమో." చిన్నపుల్లయ్య గ్లాసు అందించాడు. "నువ్వు దిగులుపడాల్సిన పని ల్యా. తుపాకులకు ఏం కాలే. మంచు కారతాంటే బయట నిలబెట్టి పోయినారు కదా, లోపలికి నీళ్లు దిగుతాయని నేనే మూసినా."

"ఏం మూసినావు?"

"గొట్టాల నోళ్లు. నీ తుడిచే గుడ్డ చించి నాలుగిట్లోనూ కుక్కినా."

గంగులయ్య గ్లాసు తీసుకోలేదు.

"కొస బయటికి వదిల్నావా?"

"గుడ్డ చాల్లేదన్నా. పుల్లతో నెట్టినా. యేలంత లోపలికి పొయ్యింటాది."

చిన్నపుల్లయ్య ఇంట్లో నాటు తుపాకీ ఉండేది. ముందు నుంచి మందు పోసి, పీచు దట్టించి, గుండ్లు వేసే తుపాకీ. వానాకాలంలో, మంచు కాలంలో దాని నోట్లో గుడ్డ కుక్కి దూలానికి వేలాడదీస్తారు. లేకపోతే చెమ్మకు మందు నాని పనికిరాకుండా పోతుంది. వేటకు తీసేవాడు ముందు చేసే పని ఆ గుడ్డ లాగడం. అక్కడ తుపాకీ పట్టే ప్రతివాడికీ అది తెలుసు, కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. చిన్నపుల్లయ్య కూడా చెప్పలేదు.

ఈ తుపాకులకు గొట్టం నోట్లో గుడ్డ పెట్టరు. తూటా వెనక నుంచి పెట్టేవాడు ముందు వైపు చూడనక్కర్లేదు. గుండ్లకు దారి లేకపోతే గొట్టం అడ్డం ఉన్నచోట చీలుతుంది. ఇనుప ముక్కలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. గంగులయ్యకు అది వేరే ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"అన్నా, గుడ్డ తీసే ఉంటారు కదా?" అన్నాడు చిన్నపుల్లయ్య.

"వాళ్లకు తెలీదురా."

చిన్నపుల్లయ్య నిప్పు దగ్గర నుంచి లేచాడు. గ్లాసు చేతిలోనే ఉంది.

గంగులయ్య అబూ నాసర్‌కు ఫోన్ చేశాడు. ఫోన్ గుడారంలో, దిండు పక్కన మోగింది. మిషారీ నంబరు అతని దగ్గర లేదు. పికప్ హారన్ కొడదామని తలుపు తీసి ఆగాడు. హారన్ మోగితే తూర్పు మడిలో వాలిన గువ్వలన్నీ ఒక్కసారి లేస్తాయి. లేచిన గువ్వలు ఆ ఇద్దరి తలల మీదుగా పోతాయి. అప్పుడు ఇద్దరూ కాలుస్తారు. అతను తలుపు మెల్లగా మూశాడు.

తూర్పు మడికి దారులు రెండు. మడి మధ్యగా పోతే రెండు వందల గజాలు, కానీ అది తుపాకుల ముందు నుంచి పోయే దారి. పొగమంచులో కదిలే ఆకారాన్ని చూసి చలికి కొంకర్లు పోయిన వేలు ఏం చేస్తుందో తెలియదు. రెండోది గాలి ఆపడానికి వేసిన అథల్ చెట్ల వరుస వెనక నుంచి. అది ఐదు వందల గజాలు. అతను తుపాకీ తుడిచే కడ్డీ అందుకున్నాడు.

"నేనూ వస్తాన్నా. చేసింది నేనే కదా."

"నువ్వు ఈడే ఉండు. ఎవురు పిల్చినా మడిలోకి అడుగు పెట్టొద్దు."

గంగులయ్య చెట్ల వరుస వెంట పరుగెత్తాడు. ఇసుక తడిసి గట్టిపడి ఉంది. కడ్డీని నేలకు వంచి పట్టుకున్నాడు, భుజాన పెడితే తుపాకీలా కనబడుతుందని. వంద గజాలు మిగిలాయనుకున్న చోట పరుగు ఆపి నడిచాడు. నడుస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు. అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి తుపాకీతో సహా తిరుగుతారు. దుకాణంలో బేరం ఆడే గొంతుతో, ఆపకుండా, అరబీలో చెప్పుకుంటూ పోయాడు.

"నేను గంగులయ్యను. మీ వెనక వస్తున్నాను. చెట్ల వైపు నుంచి వస్తున్నాను. బాబా, లా తిర్మి. కాల్చొద్దు. నేను గంగులయ్యను. వెనక ఉన్నాను."

ముప్పై అడుగుల దూరంలో రెండు ఆకారాలు తేలాయి. అబూ నాసర్ మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తుపాకీ తొడల మీద ఉంది. మిషారీ నిలబడి ఉన్నాడు. ఉన్ని చేతితొడుగులు వేసుకున్నాడు. వేలు మీట మీదే ఉంది.

"ఏమైంది గంగూ?" అన్నాడు అబూ నాసర్.

"తుపాకులు తెరవండి బాబా. గొట్టాల్లో గుడ్డలు ఉన్నాయి."

"ఏం గుడ్డలు?" అన్నాడు మిషారీ తల తిప్పకుండా. "నోరు మూయ్. పిట్టలు లేస్తున్నాయి."

నిజమే. మడి అవతల రెక్కల చప్పుడు మొదలైంది. మిషారీ తుపాకీ భుజానికి ఆన్చి పైకెత్తాడు. పైన ఏమీ కనిపించడం లేదు. చప్పుడు దగ్గరవుతోంది.

గంగులయ్య మిషారీ దగ్గరకు పోలేదు. తూటా ఉన్న తుపాకీని ఎవరి చేతిలో నుంచీ లాగకూడదు. అతను అబూ నాసర్ కుర్చీ వెనక నిలబడి అన్నాడు.

"నీది ఒక్కటి తెరిచి చూడు బాబా. లోపల గుడ్డ లేకపోతే ఈ రోజే నాకు టికెట్ తియ్యి. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు నీ చేతిలో పెట్టి పోతాను."

అబూ నాసర్ అతని ముఖంలోకి చూశాడు. తర్వాత బావమరిది వైపు చూశాడు.

"మిషారీ. దించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. వేలు తియ్యి. నేల వైపు దించు."

రెక్కల చప్పుడు వాళ్ల మీదుగా పోయి చెట్ల అవతల ఆగింది. మిషారీ తుపాకీ దించాడు. ఏదో అన్నాడు, అది గంగులయ్యకు అర్థమైంది, పట్టించుకోలేదు.

అబూ నాసర్ తుపాకీ మడిచాడు. రెండు తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. గొట్టాల వెనక చివర కంటికి ఆన్చి ఆకాశం వైపు పెట్టాడు. అలాగే కొంతసేపు ఉన్నాడు. రెండు గొట్టాల్లోనూ వెలుతురు లేదు.

ఆయన తుపాకీని గంగులయ్యకు అందించాడు. గంగులయ్య కడ్డీని వెనక నుంచి దూర్చి తోశాడు. మొదటి గుడ్డ తేలిగ్గా రాలేదు. రెండోసారి తోస్తే గొట్టం నోట్లోంచి తడి పేలిక ఒకటి ఇసుకలో పడింది. తర్వాత రెండోది పడింది.

మిషారీ ఆ రెండింటినీ చూశాడు. తన తుపాకీ మడిచాడు. తూటాలు తీయడానికి చేతితొడుగు అడ్డం వచ్చింది. పళ్లతో లాగి తొడుగు తీశాడు. తూటాలు తీసి, గొట్టాల్లోంచి ఒకసారి చూసి, తుపాకీని గంగులయ్య వైపు చాచాడు. అతని తుపాకీ గంగులయ్య చేతికి రావడం అదే మొదటిసారి.

మూడో గుడ్డ, నాలుగో గుడ్డ ఇసుకలో పడ్డాయి.

"ఎవరు చేశారు?" అన్నాడు మిషారీ. "నన్ను చంపాలని ఎవరు చేశారు?"

"మా ఊరి వైపు మనిషి. చిన్నపుల్లయ్య. చంపాలని కాదు, తుపాకీ తడవకూడదని. మా దగ్గర తుపాకులకు మంచు కాలంలో అలాగే మూస్తారు."

"వాడు రేపు విమానంలో ఉంటాడు."

"అడక్కుండా ముట్టుకోవడం వాడి తప్పు" అన్నాడు గంగులయ్య. "వదిలేసి పంపు దగ్గరికి పోవడం నా తప్పు. మంచులో నిలబెట్టి పోయింది మీరు. చూడకుండా తూటా పెట్టింది మీరు. విమానం ఎక్కించాలంటే నలుగురికీ టికెట్లు కావాలి."

అబూ నాసర్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరూ ఎక్కడికీ పోరు" అన్నాడు. "సరే గంగూ. ఇప్పుడు కాల్చుకోవచ్చా?"

"లేదు బాబా."

"ఇంకేం ఉంది?" అన్నాడు మిషారీ. ఈసారి తెలుసుకోవడానికే అడిగాడు.

"కంచె కనబడాలి. అవతల ఏముందో కనబడకుండా తూటా పెట్టొద్దు. అప్పటిదాకా తుపాకులు మడిచే ఉంచండి. కాల్చేటప్పుడు ఆ తొడుగు వద్దు. దానితో మీట ఎంత నొక్కావో నీ వేలికి తెలియదు. చేతులు చంకలో పెట్టుకుని వెచ్చ చేసుకో."

మిషారీ రెండో తొడుగు కూడా తీశాడు. చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. ఆరూ యాభైకి వెలుతురు పెరిగింది కానీ మంచు తెర విడలేదు. ఏడుంబావుకి గాలి వీచింది. కంచె మొదటి రాట కనబడింది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

మూడో రాట పక్కన మనిషి ఉన్నాడు.

వాళ్లకు అరవై గజాల దూరంలో, కాసేపటి కిందట మిషారీ తుపాకీ ఎత్తిన వైపునే, కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఎనభై గొర్రెలు పడుకుని ఉన్నాయి. మిషారీ లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు.

ఆ మనిషి రాజమౌళి. జగిత్యాల వైపు నుంచి వచ్చి ఆరేళ్లుగా అబూ నాసర్ గొర్రెలు కాస్తున్నాడు. ఆ వేళప్పుడు మంద దక్షిణం వైపు ఉండాలి. గంగులయ్య చెయ్యి ఊపి పిలిచాడు. రాజమౌళి లేచి, కంబళి విదిలించుకుని తీరుబడిగా వచ్చాడు.

"ఏందే గంగన్నా, ముగ్గురు గట్ల జూస్తున్నరు? నన్ను ఎన్నడు జూడనట్టు."

"నువ్వు ఎప్పుడు వస్తివి ఈడికి?"

"ఆరు కొట్టంగ. దొడ్డి దిక్కు మొత్తం నీళ్లు నిలిచినయ్. గొర్లు అడుగు పెడుతలేవు. ఇటు దోలుకచ్చిన."

"మా మాటలు ఇనపడలేదా?"

"ఎందుకు ఇనబడలే? అరబ్బోళ్ల పంచాది నాకెందుకని సప్పుడు చెయ్యక కూసున్న. ఏమైంది, పిట్టలు దొర్కలేవా?"

గంగులయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. వేసి తీయలేదు.

"ఏందే?" అన్నాడు రాజమౌళి. "గిట్ల జేస్తున్నవేంది? చలి వెట్టిందా?"

మిషారీకి తెలుగు రాదు. అయినా అతను రాజమౌళి కళ్ల వైపు, తర్వాత కంచె రాట వైపు, తర్వాత మడిచిన తన తుపాకీ వైపు చూశాడు. మధ్య దూరాన్ని కళ్లతో కొలుస్తున్నట్టు ఉంది. అతను లేచి వచ్చి తన మెడకు చుట్టుకున్న శాలువా తీసి రాజమౌళి చేతిలో పెట్టాడు. రాజమౌళి తీసుకుని మెడకు చుట్టుకున్నాడు. కారణం అడగలేదు.

మందను పడమటి వైపుకు తోలాక, ఎనిమిదీ ఐదుకు గంగులయ్య కంచె చివరి రాట దాకా చూశాడు. రెండు తుపాకులూ మరోసారి తీసుకుని నాలుగు గొట్టాల్లోంచి చూశాడు. తూటాలు తన చేత్తో ఇచ్చాడు.

"తల కంటే ఎత్తులో పోయేవాటినే. అటు చెట్ల వైపు. ఇటు తిరగొద్దు."

ఆ పూట పధ్నాలుగు గువ్వలు పడ్డాయి. వాటిలో తొమ్మిది మిషారీవి. చేతితొడుగు లేకుండా అతని గురి బాగుందని అబూ నాసర్ అన్నాడు. పది గంటలకు గంగులయ్య ఖలాస్ అన్నాడు. ఎవరూ ఇంకొక్కటి అనలేదు.

గుడారం దగ్గర చిన్నపుల్లయ్య చెప్పిన చోటే నిలబడి ఉన్నాడు. నిప్పు ఆరిపోయింది, కట్టె వెయ్యడం మర్చిపోయాడు. ఉదయం నుంచి వినబడిన ప్రతి పేలుడుకూ లోపల ఏం అనుకున్నాడో అతని ముఖం చెబుతోంది. అబూ నాసర్ అతని దగ్గర ఆగి, ఇసుకలోంచి ఏరి జేబులో వేసుకున్న నాలుగు పేలికలూ తీసి చేతిలో పెట్టి, రేపటి నుంచి గంగులయ్య దగ్గర తుపాకీ పని నేర్చుకోమన్నాడు. గంగులయ్య తెలుగులో చెప్పాడు.

"నా ఇఖామా కొట్టెయ్యరా అన్నా?"

"కొట్టెయ్యరు. పొయ్యి ఆ నిప్పు చెయ్యి. గువ్వలు కాల్చాల."

"నేను మంచికే చేసినాన్నా."

"తెలుసు. ఇంగ ఏదన్నా మంచి చెయ్యాలనిపిస్తే ముందు నాకు చెప్పు."

భోజనాల దగ్గర మిషారీ కెటిల్ అందుకుని గంగులయ్య గ్లాసులో చాయ్ పోశాడు. రాజమౌళి ఇంకో గువ్వ తీసుకుంటూ, ఈ రోజు అందరికీ ఏమో అయిందని చిన్నపుల్లయ్యతో అన్నాడు. జరిగింది అప్పుడు చెప్పారు. రాజమౌళి తినడం ఆపాడు. మెడకున్న శాలువా కొస పట్టుకుని చూసి, "అయితే ఈ శాలువా ఉత్తగ రాలే" అని మిగిలింది తిన్నాడు.

తర్వాతి శుక్రవారం ఐదు గంటలకు గంగులయ్య ఫోన్ మోగింది. కొత్త నంబరు. మిషారీ.

"గంగూ, ముగ్గురు స్నేహితులను తీసుకుని బయలుదేరుతున్నాను. ఇక్కడ సిటీలో మంచు లేదు. అక్కడ ఎలా ఉంది?"

గంగులయ్య తలుపు తీసి బయటకు వచ్చాడు. చిన్నపుల్లయ్య వెనకే వచ్చాడు. అతని ఒంటి మీద ఇప్పుడు స్వెట్టరు ఉంది. గుడారం ఉన్న వైపు తెల్లగా ఉంది. గుడారం కనిపించలేదు.

"రావద్దు" అన్నాడు గంగులయ్య.

"పదింటికైనా విడుతుందేమో?"

"గాలి లేదు. విడదు. ఇంట్లో పడుకో."

అటు వైపు కారులో ఎవరో ఏదో అడుగుతున్నారు. మిషారీ వాళ్లకు అరబీలో జవాబు చెప్పడం వినబడింది. గంగూ వద్దంటున్నాడు, ఈ వారం లేదు, కారు దిగండి. తర్వాత ఫోన్లోకి వచ్చి సరేనన్నాడు. పెట్టేశాడు.

"కఫీల్ బామ్మర్దిని పట్టుకుని ఇంట్లో పడుకోమంటివే అన్నా" అన్నాడు చిన్నపుల్లయ్య.

"అంటి."

"ఏమన్యాడు?"

"ఇన్యాడు" అన్నాడు గంగులయ్య. ఫోన్ జేబులో వేసుకుని పంపు ఆన్ చేయడానికి వెళ్లాడు.